బాపు ఉన్న బీడీడీ చాల్ రూముకు బదులు ఫ్లాటు వస్తోంది, అందులో మాకు వాటా ఉందా?

సిరిసిల్ల నుంచి ఒకాయన అడిగిన ప్రశ్న ఇది, కొంచెం కుదించి ఇస్తున్నాను (చాల్ అంటే వరసగా ఒంటి గదులున్న కార్మికుల కట్టడం, ట్రాన్సిట్ క్యాంపు అంటే కొత్త ఇల్లు వచ్చేదాకా ఉండే తాత్కాలిక చోటు):

"మా బాపు ముంబైలో బట్టల మిల్లులో పనిచేసేవాడు. వర్లీ బీడీడీ చాల్‌లో ఒక రూము ఉండేది, కిరాయి రసీదు బాపు పేరు మీదే. 82 సమ్మె తర్వాత మిల్లు తెరుచుకోలేదు, నన్ను సిరిసిల్లలో మేనమామ దగ్గరికి పంపించారు. బాపు, అమ్మ, అన్న, చెల్లె అక్కడే ఉన్నారు. 1997లో బాపు పోయాడు. ఆ తర్వాత రసీదు అన్న పేరుకు మార్చారు, అమ్మతో ఏదో కాగితం మీద వేలిముద్ర వేయించారు. అమ్మ 2009 నుంచి నా దగ్గరే ఉంటోంది. ఇప్పుడు చాల్ కూలగొట్టారు, అన్న వాళ్లు ట్రాన్సిట్ క్యాంపులో ఉన్నారు, 500 చదరపు అడుగుల ఫ్లాటు వస్తుందట. అడిగితే అన్న 'రసీదు నా పేరు మీద ఉంది, నీకేం సంబంధం' అంటున్నాడు. ఒక బ్రోకరు వచ్చి నా సగం వాటా నోటరీ మీద రాసిస్తే డబ్బులిస్తానంటున్నాడు. చెల్లెకు పెండ్లయి భీవండిలో ఉంది కాబట్టి ఆమెకు ఏమీ రాదు కదా? నేనేం చేయాలి?"

మీరు "నా సగం వాటా" అని రాశారు. అంటే మీ లెక్కలో మీరు, మీ అన్న ఇద్దరే ఉన్నారు, మీ అమ్మగారు లేరు, చెల్లె లేదు. అక్కడి నుంచే మొదలుపెడదాం, ఎందుకంటే ఈ తప్పు లెక్కతో కోర్టుకు వెళ్తే మొదటి రోజే దెబ్బ తింటారు.

వీలునామా రాయకుండా పోయిన హిందువు ఆస్తి 1956 వారసత్వ చట్టం ఎనిమిదో సెక్షన్ ప్రకారం మొదటి తరగతి వారసులకు సమానంగా పోతుంది, తల్లి, భార్య, కొడుకులు, కూతుళ్లు అందరూ ఆ తరగతిలోనే ఉంటారు. మీ నాయనమ్మ అప్పటికే లేరనుకుంటే మీ ఇంట్లో నలుగురు వారసులు, ఒక్కొక్కరికి నాలుగో వంతు. చెల్లెకు పెండ్లయిందా లేదా అన్నది చట్టం అడగదు. 2005 సవరణ వచ్చాకే ఆడపిల్లకు హక్కు వచ్చిందని చాలామంది అనుకుంటారు, అది ఉమ్మడి కుటుంబ ఆస్తి సంగతి, తండ్రి సొంతంగా సంపాదించుకున్నదాంట్లో కూతురికి 1956 నుంచే వాటా ఉంది. ఇక మీ అమ్మగారు. ఆ ఒంటి గదిలో పొయ్యి వెలిగించి, అంతస్తుకంతా ఉమ్మడిగా ఉన్న కుళాయి దగ్గర లైన్లో నిలబడి నీళ్లు పట్టి మిమ్మల్ని పెంచిన మనిషి ఆమె. బాపు చనిపోయిన రోజున ఆయనతో కలిసి ఆ రూములోనే ఉన్న మనిషి కూడా ఆమే. కేసు పరంగా కూడా మీ నలుగురిలో గట్టి స్థానం ఆమెదేనని నా అభిప్రాయం.

ఇప్పుడు అసలు చిక్కు. ఆ రూము మీ బాపు సొంతం కాదు, ఆయన కిరాయిదారు, యజమాని సర్కారు. ఇది అర్థం కావాలంటే ఆ చాల్‌లు ఎలా పుట్టాయో కొంచెం చెప్పాలి. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత బొంబాయి మిల్లు కార్మికులకు ఉండటానికి చోటు లేకపోతే 1920లో గవర్నర్ జార్జ్ లాయిడ్ హయాంలో బాంబే డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్ పెట్టారు, బీడీడీ అన్న పేరు అదే. నగరంలోకి వచ్చే ప్రతి పత్తి బేలు మీద ఒక రూపాయి పన్ను వేసి ఆ డబ్బుతో కట్టించాలన్నది ఆలోచన. 50 వేల గదులు కడతామని మొదలుపెట్టి 16 వేల పైచిలుకు దగ్గర ఆగిపోయారు. మొత్తం 207 చాల్‌లు: వర్లీలో 121, నాయ్‌గావ్‌లో 42, ఎన్.ఎం. జోషీ మార్గ్‌లో 32, శివ్‌డీలో 12. ఒక్కో చాల్‌లో నాలుగు అంతస్తులు, అంతస్తుకు 20 గదులు, గది 160 చదరపు అడుగులు, మరుగుదొడ్లు ఉమ్మడి. కట్టిన కొత్తలో కిరాయి ఎక్కువని చాలా గదులు ఖాళీగా పడి ఉంటే స్వాతంత్ర్య పోరాటంలో పట్టుకొచ్చినవాళ్లను ఉంచే జైలుగా కూడా వర్లీ చాల్‌లను వాడారు. ఆ తర్వాత కొంకణ్ నుంచి, సతారా నుంచి, మన కరీంనగర్, నల్గొండ, పాలమూరు వైపు నుంచి మిల్లులకు వెళ్లినవాళ్లతో అవి నిండిపోయాయి. మన పద్మశాలీలు మగ్గం వదిలి అక్కడ మిల్లు లూముల మీద పనిచేశారు, సమ్మె తర్వాత తిరిగొచ్చి సిరిసిల్లలో, భీవండిలో పవర్‌లూముల మీద నిలబడ్డారు. మీ ఇంటి కథ కూడా ఇదే.

దశాబ్దాల పాటు ఆ చాల్‌లకు యజమానిగా పీడబ్ల్యూడీ, అంటే సర్కారు పబ్లిక్ వర్క్స్ శాఖ, కిరాయి వసూలు చేసింది. ఇప్పుడు పునర్నిర్మాణం మహారాష్ట్ర సర్కారు గృహనిర్మాణ సంస్థ మ్హాడా చేతిలో ఉంది, 2017లో భూమిపూజ చేశారు, పాత 160 అడుగుల గదికి బదులు 500 అడుగుల ఫ్లాటు, సొంత హక్కుతో, డబ్బు తీసుకోకుండా. వర్లీలో మొదటి 556 ఫ్లాట్ల తాళాలు 2025 ఆగస్టులో ఇచ్చారు. వందేళ్ల కిరాయి గది ఒక్కసారిగా సొంత ఆస్తి అవుతుంటే, అదీ వర్లీ లాంటి చోట, అన్నదమ్ముల మధ్య మాటలు పోకుండా ఎలా ఉంటాయి? ఇలాంటి ఉత్తరాలు నాకు ఈమధ్య చాలా వస్తున్నాయి.

సరే, సర్కారు గదిలో కిరాయిదారు చనిపోతే ఆ కిరాయి హక్కు ఎవరికి పోతుంది? మామూలు ప్రైవేటు ఇల్లయితే బాపు పోయిన 1997 నాటికి అమల్లో ఉన్న 1947 బాంబే అద్దె చట్టం వర్తిస్తుంది, దాని ప్రకారం చనిపోయేనాటికి కిరాయిదారుతో కలిసి ఉంటున్న కుటుంబ సభ్యుడికే ఆ ఇల్లు దక్కుతుంది, దూరంగా ఉన్న కొడుకు లైన్లో వెనకబడతాడు. కానీ ఆ చట్టమే నాలుగో సెక్షన్‌లో సర్కారు ఇళ్లకు వర్తించదని చెప్పింది. కాబట్టి మీ కేసు మామూలు వారసత్వ సూత్రాల మీద, పీడబ్ల్యూడీ రూల్స్ మీద నడుస్తుంది. ఇక్కడ మీకు పనికొచ్చే మాట ఒకటుంది: కిరాయిదారు చనిపోతే వారసులందరూ కలిసి ఉమ్మడి కిరాయిదారులు అవుతారని 1989లో హెచ్.సి. పాండే కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే రసీదు ఒకరి పేరు మీద రాసినంత మాత్రాన మిగతావాళ్ల హక్కు దానంతటదే పోదు. సర్కారుకు కిరాయి కట్టడానికి ఒక పేరు కావాలి, పెద్ద కొడుకు పేరు రాశారు, అంతవరకే అని మీరు వాదించొచ్చు.

మీ అన్న లాయరు ఏమంటాడో కూడా చెప్పాలి కదా. మొదటిది, బాపుకు ఇచ్చింది కిరాయి హక్కు కాదు, ఉండటానికి ఇచ్చిన లైసెన్సు మాత్రమే, లైసెన్సు మనిషితోపాటే పోతుంది అంటాడు. అందుకే పాత కాగితాల్లో 'కిరాయి' అని ఉందా, 'లైసెన్సు ఫీజు' అని ఉందా అన్నది మీకు ప్రాణం లాంటి విషయం. రెండోది, ఫ్లాటు వస్తున్నది బాపు వల్ల కాదు, సర్వేలో అర్హుడిగా తేలిన ప్రస్తుత కిరాయిదారుకు సర్కారు పాలసీ కింద ఇస్తున్నారు, కాబట్టి అది నా స్వార్జితం అంటాడు. ఇది బలమైన వాదనే, తేలిగ్గా తీసుకోకండి. దీనికి మన జవాబు ఏమిటంటే, ఆ అర్హత ఆకాశం నుంచి ఊడిపడలేదు, బాపు పేరు మీద ఉన్న రూము నుంచే వచ్చింది. కోర్టు ఎటు మొగ్గుతుందో 1997 నాటి పేరు మార్పిడి ఫైలు చూడకుండా ఏ లాయరూ గ్యారంటీ ఇవ్వలేడు. ఇస్తే నమ్మకండి.

ఆ ఫైలు గురించే మాట్లాడదాం. మీ అమ్మగారు వేలిముద్ర వేసిన కాగితంలో ఏం రాసుందో మీ ఇంట్లో ఎవరికీ తెలియదు, నిజానికి కేసంతా దాని మీదే ఆధారపడి ఉంది. "రసీదు పెద్ద కొడుకు పేరు మీదకు మార్చడానికి నాకు అభ్యంతరం లేదు" అని మాత్రమే ఉంటే అది హక్కు వదులుకోవడం కిందికి రాదు. "నా హక్కు పూర్తిగా వదులుకుంటున్నాను" అని ఉన్నా, స్థిరాస్తిలో హక్కు వదులుకునే పత్రం 1908 రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం రిజిస్టర్ అయి ఉండాలి, మామూలు స్టాంపు పేపరు మీద వేలిముద్ర సరిపోదు అని అడ్డం పడొచ్చు. మీది, చెల్లెది సంతకాలు అందులో లేకపోతే మీ ఇద్దరినీ అది కట్టిపడేయదు. కాబట్టి ఈ వారమే మీ అమ్మగారి పేరుతో సమాచార హక్కు దరఖాస్తు వేయండి. చాల్ నంబరు, రూము నంబరు రాసి బాపు పేరు మీద ఉన్న కేటాయింపు కాగితం, పేరు మార్పిడి ఫైలు, తాను వేలిముద్ర వేసిన పత్రం నకళ్లు కావాలని ఆమె అడగాలి. మీరు అడిగితే మూడో మనిషి సమాచారం అని తిప్పి పంపే అవకాశం ఉంది, తాను వేలిముద్ర వేసిన కాగితం తనకు ఇవ్వమని ఆమె అడిగితే కాదనడం కష్టం. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

దాంతోపాటు మ్హాడాకు, పీడబ్ల్యూడీకి రిజిస్టర్డ్ పోస్టులో ఒక అభ్యంతర పత్రం పంపండి, వారసులు నలుగురు ఉన్నారని, ఒప్పందం రాసేటప్పుడు ఇది గమనించాలని. వాళ్లు దాని మీద ఫ్లాటు ఆపరు, ఆపాలని నేను కోరుకోవడం కూడా లేదు, మీ అన్న కుటుంబం ఎక్కడో ఒకచోట ఉండాలి కదా. వారసుల తగాదా తేల్చడం మ్హాడా పని కాదు, అది సివిల్ కోర్టు పని. కానీ మీరు మౌనంగా లేరని రికార్డు ఉంటుంది. మన దగ్గర తహసీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ కూడా తీసి పెట్టుకోండి, ముంబైలో మాత్రం దానితోనే పని జరుగుతుందని అనుకోవద్దు, అక్కడ 1827 నాటి బాంబే రెగ్యులేషన్ కింద కోర్టు ఇచ్చే వారసత్వ సర్టిఫికెట్ అడగొచ్చు.

దావా వేయాల్సి వస్తే ఒక సంగతి మన ఊరి లాయర్లకు కూడా తట్టదు. మన దగ్గర కేసు నడుస్తుండగా ఆస్తి అమ్మితే కొన్నవాడు ఆ తీర్పుకు కట్టుబడాల్సిందే. గ్రేటర్ ముంబైలో అలా కాదు, కేసు పెండింగులో ఉందని నోటీసును సబ్ రిజిస్ట్రార్ దగ్గర రిజిస్టర్ చేయిస్తేనే ఆ రక్షణ వర్తిస్తుంది. దావా వేసి ఈ పని మరిచిపోతే పదేళ్లు తిరిగి గెలిచినా చేతికి ఏమీ రాకపోవచ్చు.

బ్రోకరు సంగతి ఒక్క మాటలో: సంతకం పెట్టకండి. ఇంకా తేలని వాటాను నోటరీ మీద రాసిస్తే కొన్నవాడికి హక్కు రాదు, పవరాఫ్ అటార్నీ, అగ్రిమెంటు కాగితాలతో అమ్మకం జరిగినట్టు కాదని 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. మరి వాడు డబ్బులెందుకు ఇస్తానంటున్నాడు? ఆ కాగితం పట్టుకుని మీ అన్న దగ్గరికి వెళ్లి బెదిరించడానికి. మీ ఇంటి గొడవలోకి మూడో మనిషిని మీ చేత్తోనే తెచ్చినట్టవుతుంది.

ఇప్పుడు లాయరుగా కాకుండా ఒక మనిషిగా నా అభిప్రాయం చెప్తాను. నలుగురికీ తలా నాలుగో వంతు అని పట్టుబట్టకండి. మీ అన్న ఆ 160 అడుగుల్లో ఇన్నేళ్లు ఉన్నాడు, కిరాయి కట్టాడు, సర్వేలకు హాజరయ్యాడు, పెళ్లాం పిల్లలతో ట్రాన్సిట్ క్యాంపుకు మారాడు. ఆయన అక్కడ నిలబడబట్టే ఫ్లాటు నిలబడింది. అదే సమయంలో మీ అమ్మను, చెల్లెను లెక్కలోంచి తీసేసే హక్కు ఆయనకూ లేదు, మీకూ లేదు. పెద్దమనుషుల్లో కూర్చుని ఫ్లాటు అన్నకే ఉంచి, అమ్మగారికి బతికినంత కాలం అక్కడ ఉండే హక్కు, మీకు, చెల్లెకు ఒక మొత్తం వాయిదాల్లో ఇచ్చేలా మాట్లాడుకోండి, వాయిదాల సంగతి కూడా పత్రంలోనే రాయండి. కుటుంబంలో నోటిమాటగా జరిగిన ఒప్పందాన్ని తర్వాత జ్ఞాపకంగా రాసుకుంటే రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదని 1976లోనే సుప్రీంకోర్టు అన్నది, అయినా మీరు ముంబైలో రిజిస్టర్ చేయించండి, సర్కారు ఆఫీసులు రిజిస్టర్ కాని కాగితాన్ని పట్టించుకోవు. కేటాయింపు పత్రంలో ఫ్లాటు ఎప్పటివరకు అమ్మకూడదో షరతులు ఉంటాయి, అవి చదివాకే వాయిదాల తేదీలు పెట్టుకోండి.

ఇంకొకటి, మీరు అడగలేదు గానీ చెప్పకుండా ఉండలేను. మిల్లు కార్మికులకు ఇళ్లిచ్చే పథకం వేరే ఉంది, 1982 జనవరి 1 నాటికి గానీ ఆ తర్వాత గానీ పనిలో ఉన్న కార్మికులకు, వాళ్లు లేకపోతే వారసులకు. అప్పట్లో బాపు పేరు మీద ఎవరైనా దరఖాస్తు వేశారేమో అన్నను, చెల్లెను అడగండి. అమ్మగారి ట్రంకు పెట్టె కూడా ఒకసారి తెరిచి చూడండి. మిల్లు టికెట్ నంబరు ఉన్న కార్డు, పీఎఫ్ చీటీ, ఈఎస్ఐ కార్డు, ఏది దొరికినా ఫొటో తీసి నాకు పంపండి, వేలిముద్ర కాగితం నకలు వచ్చాక దాంతోపాటే చూస్తాను.