చిలుక బొమ్మలు వారం కూడా మన్నడం లేదు, ఏం చేయాలి?

చెన్నైలో మీరు పెంచుతున్న సన్ కాన్యూర్ చిలుక, గింజలు దాచే బొమ్మలను వారం తిరగకుండానే ముక్కలు చేస్తోందని అడిగారు. కొరకడానికే కదా ఆ బొమ్మ! మొత్తం మన్నాలని చూడకండి. గొలుసు, కొక్కెం మన్నితే చాలు. అవి 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలువి తీసుకోండి. జింకు పూత గొలుసు చవకే, కానీ పూత గీకి మింగితే పిట్టకు విషం. పైగా సముద్రపు గాలికి తుప్పు.

మిగతా సరుకు వంటింట్లోనే ఉంది. కొబ్బరి చిప్పకు రంధ్రాలు చేసి గొలుసుకు వేలాడదీయండి. మొక్కజొన్న పొత్తి రేకుల్లోనో తాటాకులోనో గింజలు చుట్టి అందులో కుక్కండి. రోజూ మార్చాల్సింది ఈ పొట్లాలనే. మొదట్లో సగం గింజలు పైకి కనిపించాలి, లేకపోతే పిట్ట ఆ వైపే చూడదు. చిప్ప రంధ్రంలో తల ఇరుక్కోకూడదు.

పోగులు లేచిన నూలు తాడును మాత్రం బాగుచేయకండి, పారేయండి. పోగు కాలి వేలికి బిగిస్తే రక్తం ఆగిపోతుంది. మింగితే గొంతు సంచిలో ఉండకడుతుంది. పగిలిన ప్లాస్టిక్‌ను జిగురుతో అతికించడమూ వద్దు. నవంబరు వానల్లో చిప్పకు బూజు పడుతుంది, వాసన చూసి మార్చండి.