ఎడమ బర్నర్ జోలికి పోకు

బుజ్జీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. వైజాగ్ లాసన్స్ బే కాలనీలో ఇల్లు తీసుకున్నావట. మా అటక మీద రెండేళ్లుగా పడున్న పాత గ్యాసు పొయ్యి నీకే కావాలన్నావట. రిపేరు వాడెవడూ అక్కర్లేదు, వీడియో చూసి నేనే మొత్తం విప్పి కడిగేస్తానన్నావట. గాజు పొయ్యి కొనిపెడతానంటే వద్దన్నావని దానికి కోపం. నాకు మాత్రం సంతోషమేసింది, ఓ పది నిమిషాలు. తర్వాత 'మొత్తం విప్పి' అన్న మాట గుర్తొచ్చి నిద్ర పట్టలేదు. ఫోనులో చెబితే 'సరే పెద్దమ్మా, సరే పెద్దమ్మా' అంటావు గానీ వినవు. అందుకే కాగితం పట్టుకున్నాను.

కడగడం పెద్ద బ్రహ్మవిద్య కాదు. బర్నర్లు ఇత్తడివి, చేత్తో పైకెత్తితే వచ్చేస్తాయి. వేడినీళ్లలో నిమ్మకాయంత చింతపండు పిసికి, గుప్పెడు ఉప్పేసి, అరగంట నానబెట్టు. దేవుడి సామాను తోమినట్టే తోముకో. పాత టూత్‌బ్రష్ చాలు. కన్నాల్లో ఇంకా మసి ఉంటే పిన్నీసుతో ఒక్కొక్కటీ పొడిచి, బోర్లించి నేలకేసి తట్టు, నల్లగా రాలుతుంది. ఆ తర్వాత ఎండలో పెట్టు, తొందరపడకు. పైకి ఆరినట్టున్నా లోపల నీళ్లుంటాయి. అలాగే పెట్టి వెలిగించావా, టప్‌టప్‌మని కొట్టుకుంటుంది, మంట ఓ పక్కకే వస్తుంది. బర్నర్ కూర్చునే గొట్టంలో సాలీడు గూడు కట్టిందేమో టార్చి వేసి చూడు. రెండేళ్లు అటక మీదున్న పొయ్యి కదా.

ఆ వీడియోలో ఎవరో పిల్ల బర్నర్ మీద బాత్‌రూం యాసిడ్ పోసి మెరిపించిందని మీ అమ్మ చెప్పింది. ఆ పిల్లని ఓసారి నా ముందుకు తీసుకురా. యాసిడ్ ఇత్తడిని తినేస్తుంది. వంటింట్లో తలుపులేసుకుని ఆ పొగ పీలిస్తే నీ ఊపిరితిత్తుల్ని కూడా. చింతపండుతో కానిది ఏదీ లేదు మన ఇళ్లల్లో.

స్టీలు రేకుని సబ్బుగుడ్డతో తుడువు, చెంబుతో నీళ్లు గుమ్మరించకు, నాబ్‌ల సందుల్లోకి పోతాయి. కుడి పక్కన నల్లటి మచ్చ ఒకటుంటుంది. అది నువ్వు ఐదో తరగతిలో ఉన్నప్పటి సంక్రాంతికి అరిసెల పాకం పొంగి మాడింది. పాకం గరిట పట్టుకున్నది మీ అమ్మే, ఒప్పుకోదు. అది పోదు, వదిలెయ్. గిన్నెలు నిలబెట్టే కాళ్లు మాత్రం ఇనుపవి. మీ ఇంటికి సముద్రం కూతవేటు దూరం. ఉప్పుగాలికి ఆ కాళ్లు వారం తిరక్కుండానే తుప్పు పడతాయి. కడిగిన ప్రతిసారీ పొడిగుడ్డతో తుడిచి, ఓసారి పొయ్యి వెలిగించి వేడి చూపించు.

ఇప్పుడు అసలు సంగతి. ఎడమ బర్నర్ తీస్తే దాని వెనక చిన్న ఇత్తడి ముక్క కనిపిస్తుంది, దాని మధ్యలో కంటికి ఆనీ ఆననంత కన్నం. అదే జెట్. కుడి పక్కది పాతబడి నల్లగా ఉంటుంది, ఎడమది కొంచెం పసుపుపచ్చగా ఉంటుంది. ఎందుకుంటుందో ఇంతవరకు మీ అమ్మకీ చెప్పలేదు.

2001లో అనుకుంటాను, అప్పుడు కంచరపాలెంలో ఉన్నాం. ఎడమ పొయ్యి మంట సన్నగా వస్తోంది. మీ పెదనాన్న డ్యూటీకి వెళ్లాక నాకు నేనే పెద్ద మెకానిక్కులా కూర్చుని బర్నర్ తీశాను. జెట్‌లో మురికి కనపడింది. కుట్టుమిషను సూది పెట్టాను. దూరలేదు. మెలితిప్పాను. దూరింది! ఆ దూరినందుకు ఎంత మురిసిపోయానో. సాయంత్రం వెలిగిస్తే ఇంతెత్తు మంట. చూశారా, వంద రూపాయలు మిగిల్చాను అని మీ పెదనాన్నకి గొప్పలు కూడా చెప్పాను.

వారానికల్లా గిన్నెల అడుగులు మసిబారడం మొదలైంది. మంట నీలంగా ఉండాల్సింది పసుపుపచ్చగా, కొసలు ఊగుతూ వచ్చేది. నేను పట్టించుకోలేదు, పెద్దమంట కదా అనుకున్నాను. నలభై ఐదు రోజులొచ్చే బండ ముప్ఫై రోజులకే అయిపోయింది. తర్వాతది కూడా అంతే. నా అనుమానం ఎవరి మీదకి పోయిందనుకున్నావ్? బండ తెచ్చే కుర్రాడి మీదకి. ఇచ్ఛాపురం వైపు పిల్లాడు, పాతికేళ్లుండవు, రెండంతస్తులు భుజాన మోసుకొచ్చేవాడు. 'దారిలో గ్యాసు లాగేసి అమ్ముకుంటున్నావు' అని మెట్ల మీదే కేకలేశాను. అన్ని గుమ్మాల్లోంచీ తలలు బయటికొచ్చాయి. వాడు మాట్లాడకుండా కిందికెళ్లి కొక్కెం కాటా తెచ్చాడు. బండ మీద ఖాళీ బరువు 15.3 అని రాసుంది, లోపల గ్యాసు 14.2 కిలోలు ఉండాలి. కాటా ముల్లు సరిగ్గా 29.5 దగ్గర ఆగింది. నా కళ్లతో చూశాను. చూసి ఏమన్నానో తెలుసా? 'ఈ కాటా కూడా నీదే కదా' అన్నాను.

వాడు తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. ఒక్కసారి నా వైపు చూసి దిగిపోయాడు. నేను ఊరుకున్నానా, ఏజెన్సీకి వెళ్లి రాతపూర్వకంగా ఫిర్యాదిచ్చి వచ్చాను. వచ్చే నెల నుంచి వేరే మనిషి బండ తెచ్చాడు.

రెండు నెలలకి అన్నం గిన్నె అడుగు చూసి విసుగెత్తి మెకానిక్‌ని పిలిచాం. ముసలాయన. జెట్ విప్పి వెలుతురుకి పెట్టి చూశాడు, 'అమ్మా, ఇది జెట్టా, కిటికీయా?' అన్నాడు. గ్యాసు ఆ సన్నకన్నంలోంచి జోరుగా దూసుకొస్తుందట, ఆ జోరుకి పక్క సందులోంచి గాలిని తనతో లాక్కుపోతుందట. రెండూ సమపాళ్లలో కలిస్తేనే నీలిమంట. కన్నం పెద్దదైతే గ్యాసు ఎక్కువై గాలి చాలదు, కాలని గ్యాసే మసి. ఇత్తడి మెత్తనిది, సూది ఉక్కు, ఇంకేముంది. కొత్త జెట్ బిగించి వెళ్లాడు. బండ మళ్లీ నలభై ఐదు రోజులొచ్చింది.

ఆ కుర్రాడి కోసం ఏజెన్సీ దగ్గర అడిగాను. మానేసి ఊరెళ్లిపోయాడన్నారు. పేరు కూడా నాకు తెలీదు, ఎప్పుడూ 'బండబ్బాయ్' అనే పిలిచేదాన్ని.

కాబట్టి తల్లీ, బర్నర్ కన్నాలకి పిన్నీసు, జెట్‌కి నీ కళ్లు తప్ప ఇంకేదీ వద్దు. బర్నర్ శుభ్రంగా ఉన్నా మంట పసుపుపచ్చగా వస్తే మెకానిక్‌ని పిలువు. నాబ్ బిగుసుకుపోయినా అంతే, లోపల గ్రీజు ఎండిపోయుంటుంది, వంటనూనె పొయ్యకు, బలంగా తిప్పకు. వాడు అడిగినంత ఇయ్యి, బేరమాడకు.

పొయ్యితో పాటు మా పాత ఆకుపచ్చ రబ్బరు పైపు కూడా వస్తుంది కదా, దాన్ని చూడకుండా పారెయ్. లోపల తీగ ఉన్న కమలాపండు రంగు పైపు, సురక్షా పైపంటారు, అది కొను. ఐదేళ్లకోసారి మార్చాలి, తేదీ దాని మీదే ఉంటుంది. బిగించాక రెండు చివరలా, రెగ్యులేటర్ చుట్టూ సబ్బు నురగ రాసి చూడు. బుడగ లేస్తే లీకు. అగ్గిపుల్లతో చూసేవాళ్లని నేను చూశాను, ఒకాయనకి ఇప్పటికీ కనుబొమ్మలు సరిగ్గా లేవు.

రాత్రి రెగ్యులేటర్ ఆపి పడుకో. ఇది నా చాదస్తం అంటారు మీరంతా. అననీ. 1997 సెప్టెంబరు 14 ఆదివారం, మేం గాజువాకలో అద్దెకున్నాం, మీ అమ్మ నా దగ్గరే ఉండి చదువుకుంటోంది. పొద్దున్నే మల్కాపురం రిఫైనరీలో ఎల్‌పీజీ లీకై అంటుకుంది. 60 మంది దాకా పోయారు. ఆకాశం నల్లగా అయిపోతే జనమంతా రోడ్డున పడ్డారు, మేమూ పడ్డాం. సగం దారిలో గుర్తొచ్చింది, పొయ్యి మీద పాలు. ఆపానా? ఆపలేదా? వెనక్కి వెళ్లనివ్వలేదు మీ పెదనాన్న. రాత్రికి ఇంటికొస్తే పాలు విరిగిపోయి గిన్నెలోనే ఉన్నాయి, నాబ్ ఆపే ఉంది. ఎవరు ఆపారో ఇద్దరికీ గుర్తులేదు. ఆ రోజు నుంచి నేను నాబ్‌ని నమ్మను, బండ దగ్గర ఆపి చేత్తో తడిమి చూసుకుంటేనే నిద్ర.

గ్యాసుకి దానంతట దానికి వాసన లేదు, మనకి తెలియాలనే కుళ్లు వాసన మందు కలుపుతారు. గాలికన్నా బరువు, నేల మీద పాకుతుంది. వాసనొస్తే లైటు వెయ్యకు, వేసి ఉంటే ఆపకు, ఫ్రిజ్ జోలికీ ఫ్యాను జోలికీ పోకు. రెగ్యులేటర్ మూసి, తలుపులు తీసి, బయటికొచ్చి 1906కి ఫోన్ చెయ్. ఆ నంబరు ఫ్రిజ్ మీద కాదు, గుమ్మం బయట గోడ మీద రాసుకో.

మీ వంటింటి కిటికీ సముద్రం వైపేనట. మధ్యాహ్నం గాలి తిరిగాక సిమ్‌లో పెట్టిన మంట ఉఫ్‌మని ఆరిపోతుంది, పప్పు ఉడుకుతోందనుకుని నువ్వు ఫోను చూస్తూ కూర్చుంటావు. పొయ్యిని కిటికీకి ఎదురుగా పెట్టకు, పక్క గోడకి జరుపు. కిటికీ మాత్రం ముయ్యకు.

ఆదివారం నేనూ వస్తున్నాను, పైపు పూర్ణా మార్కెట్లో నేనే కొనుక్కొస్తాను. పాలు పొంగించేదాకా నేనుంటాను. అన్నట్టు, ఇంత తోమిన బర్నర్ మీద పాలు పొంగి పడితే కన్నాలన్నీ మళ్లీ పూడుకుపోతాయి, మంట కూడా ఆరుతుంది. కానీ కొత్తింట్లో పాలు పొంగకపోతే ఎలా? పొంగనీ. కుడి బర్నర్ మీద పెడదాం. మర్నాడు నువ్వే తోముకుంటావు.

మీ పెద్దమ్మ