సందేహాలు – సమాధానాలు: జ్ఞాపకమా, ధారణా?

సందేహం: మెదడు లయల మీద, చూసిన బొమ్మను కాసేపు మనసులో నిలుపుకోవడం మీద వ్యాసం రాస్తున్నాను. ఇలా కాసేపు నిలుపుకునే శక్తిని ఆంగ్లంలో వర్కింగ్ మెమరీ అంటారు, దానిని నేను 'పనిచేసే జ్ఞాపకశక్తి' అన్నాను. మా అధ్యాపకులు 'ధారణ' అనమంటున్నారు. ఏది సరి? మెదడుకు 'లయ' అనవచ్చునా?
– ఒక విద్యార్థిని, చిత్తూరు

సమాధానం: అమ్మా, నా మనసు మీ అధ్యాపకుల వైపే మొగ్గుతోంది. 'పనిచేసే జ్ఞాపకశక్తి' అనగానే పనిచేయనిది మరొకటి ఉన్నదా అన్న ప్రశ్న పుడుతుంది. ఆంగ్లపదానికి మాటకు మాట పెట్టి తృప్తిపడే అలవాటు పాఠ్యపుస్తకాల దాకా పాకడం నాకు బాధగా ఉంది.

సంస్కృతంలో 'జ్ఞాపకం' అంటే తెలియజేసేది. పాణిని విడిగా చెప్పని నియమాన్ని ఆయన సూత్రంలోనే పట్టిచ్చే సూచనను వ్యాఖ్యాతలు జ్ఞాపకమన్నారు. 'గుర్తు' అనే అర్థం తెలుగులో స్థిరపడింది, దానిని తప్పుపట్టను. 'ధారణ' దారి వేరు. ధృ ధాతువుకు నిలుపుట, మోయుట, పట్టి ఉంచుట అని అర్థాలు. భూమిని ధర అన్నా, నగను ధరించామన్నా, ఆధారమన్నా జారనీయక పట్టి ఉంచడమే అందులోని భావం. జ్ఞాపకం మరుగైనదాన్ని తిరిగి తెస్తుంది, ధారణ మరుగు కానివ్వదు. తిరుపతి వీధిలో ఒక వాకిట చుక్కల ముగ్గు చూసి, చూపు తిప్పుకున్నాక కూడా కొన్ని క్షణాలు ఆ మెలికలను మనసులో పట్టి ఉంచుకుంటాము చూడండి, మీ శాస్త్రం అడిగేది దానినే.

ఈ మాటను తెలుగువారు నిఘంటువులో కాక సభలో బతికించుకున్నారు. అష్టావధానంలో అవధాని పృచ్ఛకులకు, అంటే ప్రశ్నలడిగేవారికి, వంతుల వారీగా ఒక్కొక్క పాదం చెబుతూ, నడుమ అప్రస్తుత ప్రసంగానికి బదులిస్తూ, మోగిన గంటలు లెక్కపెట్టుకుంటూ, చివరకు పద్యాలన్నిటినీ వరుసగా అప్పజెప్పే ఘట్టానికి పేరు ధారణే. తిరుపతి వేంకట కవులు శతావధానాలతో ఊరూరా చాటిన విద్య ఇది. ఇంతటి మాట ఇంట్లో ఉండగా అరువు దేనికి?

అయితే ఒక చిక్కున్నది. అవధాని ధారణ గంటల తరబడి సాగుతుంది. ప్రయోగశాలలో కొలిచేది క్షణాల నిలుపుదల, అదీ సాధారణంగా మూడు నాలుగు వస్తువులకు మించదు. యోగశాస్త్రంలోనేమో చిత్తాన్ని ఒకచోట కట్టి ఉంచడమే ధారణ. అందుచేత 'తాత్కాలిక ధారణ' అనీ, చూపుకు సంబంధించినచోట 'దృశ్యధారణ' అనీ రాస్తే మేలని తోస్తున్నది; అంతకంటే గట్టిగా చెప్పలేను.

'లయ'కు అభ్యంతరం లేదు. 'లయః సామ్యమ్' (లయ అంటే సమత) అని అమరకోశం. మెదడులోని విద్యుత్తు ఊగిసలాటనే మీ శాస్త్రం లయ అంటున్నది. జర్మన్ వైద్యుడు హాన్స్ బెర్గర్ 1929లో లోకానికి వెల్లడించిన ఆల్ఫా లయ సెకనుకు 8 నుంచి 12 మార్లు ఊగుతుంది. కళ్లు మూస్తే పుంజుకుంటుంది, తెరిస్తే అణగుతుంది. ధారణ భారం పెరిగేకొద్దీ నుదుటి వెనుక 4 నుంచి 7 మార్లు ఊగే తీటా లయ బలపడుతుంది. కొందరు వాడే 'తరంగం' అన్న మాట యంత్రం గీసిన గీత ఆకారాన్ని చెబుతుంది, 'లయ' కాలపు సమతను చెబుతుంది. బహువచనంలో మాత్రం 'మెదడు లయాలు' అని రాయకండి. ఒకే లీ ధాతువు నుంచి పుట్టినా, 'లయం' అంటే కరగి కలిసిపోవడం, నశించడం.