ఫైల్లో లేచిన ఇల్లు నేల మీద ఉందా? (పాఠకుల ప్రశ్నలు, జవాబులు)

ఈ నెల ఒడిశాలోని గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఇంటి అప్పుల మీదే. వాటిలో నాలుగింటికి ఇక్కడ జవాబిస్తున్నాం.

ప్రశ్న: ప్రభుత్వ శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యాను. ప్రభుత్వ రంగ గృహ రుణ సంస్థ ఒకటి అంతర్గత ఆడిట్ బృందంలోకి కాంట్రాక్టు మీద రమ్మంటోంది. ఖాతాలు చూడటం నాకు రాదు. నేను అక్కడ ఏం చూడాలి?
– ఒక పాఠకుడు, పర్లాకిమిడి

జవాబు: వెళ్లండి. ఇంటి అప్పు ఒకేసారి చేతికి రాదు. పునాది, లింటెల్ (తలుపులు, కిటికీల పై దూలం), స్లాబు, ఫినిషింగ్ అంటూ దశలవారీగా విడుదలవుతుంది. మోసం జరిగేది కూడా ఆ దశల మధ్యలోనే. సీఏ చదివినవారు వోచరు చూసి తప్పు పట్టగలరు గానీ, లింటెల్ చూసి పట్టడం మీలాంటివారికే సాధ్యం.

ముందు ఏ ఫైళ్లు చూడాలో మీరే ఎంచుకోండి. బ్రాంచి మేనేజరు తీసిచ్చిన కట్టతో మొదలుపెట్టొద్దు. కంప్యూటర్లోని రుణాల జాబితా మొత్తం తీయించి, పెద్ద అప్పులు ఇరవై అన్నీ చూడండి. మిగతావాటిలో పదోవంతును లాటరీ పద్ధతిలో తీయండి. వీటికి తోడు మూడు రకాల ఫైళ్లు ఒక్కటీ వదలకుండా చూడాలి: మొదటి మూడు వాయిదాల్లోనే బకాయి పడినవి, మొదటి విడతకూ చివరి విడతకూ మధ్య అరవై రోజులు కూడా లేనివి, ఒకే వాల్యూయర్ (ఆస్తి విలువ కట్టేవాడు), ఒకే వకీలు, ఒకే బిల్డరు పేర్లు పదేపదే కలిసి కనిపించేవి. ఈ మూడో రకమే ఎక్కువగా పట్టిస్తుంది.

తర్వాత తేదీలు. స్లాబు పోసిన తేదీ, ఫినిషింగ్ సర్టిఫికెట్ తేదీ పక్కపక్కన పెట్టండి. కాంక్రీటు పనికి దేశంలో ఉన్న ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం 4.5 మీటర్ల దాకా స్పాన్ (ఆధారాల మధ్య దూరం) ఉన్న స్లాబుకు కింది ప్రాప్‌లు (ఊతకర్రలు) కనీసం 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు ఉంచాలి. స్లాబు పోసిన అయిదో రోజుకే లోపల ప్లాస్టరింగ్ అయిపోయినట్టు సర్టిఫికెట్ ఉంటే, సంతకం చేసిన మనిషి సైటుకు వెళ్లలేదనే అర్థం. సర్టిఫికెట్ తేదీ కంటే డబ్బు విడుదల తేదీ ముందుందేమో కూడా చూడండి. అలాంటివి దొరికినప్పుడు 'పొరపాటున తేదీ తప్పు పడింది' అంటారు. ఒకటి పొరపాటు కావచ్చు. ఒకే అధికారి ఫైళ్లలో పది దొరికితే అది పద్ధతి.

సైటుకు వెళ్లేటప్పుడు ముందు చెప్పొద్దు, బ్రాంచి జీపు ఎక్కొద్దు. టేపు, ప్లాను కాపీ, ఫైల్లోని ఫోటోల ప్రింట్లు పట్టుకెళ్లండి. ఇల్లుందా లేదా అన్నది మొదటి ప్రశ్న మాత్రమే. ఆ ఇల్లు తాకట్టు పెట్టిన ప్లాటు మీదే ఉందా అన్నది అసలు ప్రశ్న. ప్లాటు ఒకటి తాకట్టు పెట్టి, పక్కన పెదనాన్న ప్లాటులో కట్టిన ఇంటిని చూపించడం ఈ వైపు కొత్త కాదు. సందేహం ఉంటే ఆర్‌ఐ (రెవెన్యూ ఇన్‌స్పెక్టరు) దగ్గరి మ్యాపుతో హద్దులు సరిచూడండి. లోపల ఉన్నవాళ్లను కూడా అడగండి: 'అప్పు ఎంత తీసుకున్నారు? చేతికి ఎంత వచ్చింది?' ఈ రెండు అంకెల మధ్య తేడా వస్తే దాన్ని అక్కడికక్కడే రాసుకుని సంతకం తీసుకోండి.

మన ప్రాంతపు ఫైళ్లలో మరో చిక్కు పేర్లది. తెలుగువాళ్లకు ఇంటిపేరు ముందు వస్తుంది, ఒడియా వారికి చివర వస్తుంది. రికార్డ్ ఆఫ్ రైట్స్‌లో (భూమి హక్కుల పత్రంలో) ఒకలా, ఆధార్‌లో ఒకలా, బ్యాంకు పాసుబుక్కులో ఇంకొకలా ఉంటుంది. నిజాయతీపరుడికీ ఈ తేడా వస్తుంది కాబట్టి దాన్ని మోసంగా రాసేయొద్దు. అయితే తేడా ఉన్నా తహసీల్దారు ధ్రువపత్రం గానీ అఫిడవిట్ గానీ లేకుండా డబ్బు విడుదల చేసి ఉంటే అది బ్రాంచి తప్పు, దాన్ని రాయాలి. ఒడిశా భూరికార్డుల వెబ్‌సైటు భూలేఖ్‌లో ఖాతా నంబరు, ప్లాటు నంబరు, కిసమ్ (భూమి రకం) మూడూ మీరే చూడండి. కిసమ్ 'ఘరబారి' (ఇంటి స్థలం) కాకుండా వ్యవసాయ భూమి అని ఉంటే, ఒడిశా భూసంస్కరణల చట్టం 1960లోని సెక్షన్ 8-ఎ కింద మార్పిడి ఉత్తర్వు ఫైల్లో ఉండాలి. పర్లాకిమిడి 1936 ఏప్రిల్ 1 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉంది కాబట్టి పాత లింకు డాక్యుమెంట్లు (ముందటి యజమానుల పత్రాలు) తెలుగులో ఉండొచ్చు. వాటికి అప్పు తీసుకునేవారు తెచ్చిన అనువాదం చాలదు. సంస్థ వకీలు చేయించినదే ఉండాలి.

రాయగడ, కోరాపుట్ జిల్లాలు పూర్తిగా షెడ్యూల్డ్ ప్రాంతం. 1956 నాటి రెగ్యులేషన్ వల్ల గిరిజనుల భూమి గిరిజనేతరులకు మారదు. అందువల్ల గిరిజనుడి ప్లాటు తాకట్టు ఉన్న ఫైల్లో మార్కెట్ ధర పేరుతో ఆస్తి విలువ వేశారంటే ఆ అంకె కాగితం మీద అంకె మాత్రమే. వేలం వేస్తే కొనగలవారు ఎవరో లెక్కవేసి విలువ కట్టారా అని అడగండి.

ఒక్క ఖాతాల పరీక్ష మాత్రం మీకూ అవసరం. మార్చి చివరి వారంలో వచ్చిన వసూళ్లనూ, ఏప్రిల్ మొదటి పదిహేను రోజుల్లో వెనక్కి తిరిగిన ఎంట్రీలనూ ఒకే కాగితం మీద పెట్టండి. 90 రోజులు దాటిన బకాయిని ఎన్‌పీఏగా (మొండి బకాయిగా) చూపాలి. దాన్ని తప్పించుకోవడానికి మార్చి 31న ఒక చెక్కు జమ చూపి, ఏప్రిల్‌లో ఆ చెక్కు తిరిగొచ్చినట్టు రాస్తారు. బకాయి మొత్తం, అంటే అసలూ వడ్డీ పూర్తిగా కడితేనే ఎన్‌పీఏ ఖాతాను మళ్లీ మామూలు ఖాతాగా మార్చాలని ఆర్‌బీఐ 2021 నవంబరులో స్పష్టం చేసింది. ఒక వాయిదా కట్టించుకుని 'సరిపోయింది' అన్న ఖాతాలు తప్పకుండా కనిపిస్తాయి.

ప్రశ్న: మా సంస్థలో అంతర్గత ఆడిట్ అధికారి బదిలీ, ప్రమోషను అన్నీ ఎండీ చేతిలోనే. ఆయన మీద రిపోర్టు రాసేదెవరు? నిబంధన ఏం చెబుతోంది?
– ఒక ఉద్యోగి, జయపురం

జవాబు: మీ అనుమానం సరైనదే, అన్నిటికంటే ముఖ్యమైనదీ అదే. ఒడిశా గ్రామీణ గృహ నిర్మాణ అభివృద్ధి సంస్థ 1994లో మొదలైంది. పత్రాలు సరిగ్గా చూడకుండా ఇచ్చిన రుణాల మీద తర్వాత విజిలెన్స్ కేసులు నడిచాయి. మాజీ ఎండీకి కోర్టు శిక్ష వేసింది. విజిలెన్స్ దాకా వెళ్లిందంటే అంతకు చాలా ముందే చెప్పాల్సినవారు చెప్పలేకపోయారనే మేము అనుకుంటాం.

గృహ రుణ సంస్థల నియంత్రణ 2019 ఆగస్టులో నేషనల్ హౌసింగ్ బ్యాంకు నుంచి ఆర్‌బీఐకి మారింది. రిస్కు ఆధారిత అంతర్గత ఆడిట్ నిబంధనలను ఆర్‌బీఐ 2021 జూన్‌లో వీటికి వర్తింపజేసింది. డిపాజిట్లు తీసుకునే సంస్థలు ఎంత చిన్నవైనా, తీసుకోనివి రూ.5,000 కోట్లు, అంతకు మించి ఆస్తులున్నవైతే, 2022 జూన్ 30కల్లా అమలు చేయాల్సి ఉండింది. వాటి ప్రకారం ఆడిట్ అధిపతి బోర్డుకు గానీ, ఆడిట్ కమిటీకి గానీ, ఎండీకి గానీ జవాబుదారీగా ఉండొచ్చు. ఎండీకి అయితే, ఎండీ లేని గదిలో ఆడిట్ కమిటీ ఆ ఆడిట్ అధిపతిని మూడు నెలలకొకసారైనా కలవాలి. ఆ అధిపతికి రుణాల లక్ష్యాలు పెట్టకూడదు. పని మొత్తాన్ని బయటి సంస్థకు అప్పగించకూడదు గానీ, లోపల లేని నైపుణ్యం కోసం మాజీ ఉద్యోగులు సహా నిపుణులను కాంట్రాక్టు మీద తీసుకోవచ్చు.

మీ సంస్థ ఈ పరిధిలో లేకపోయినా, ఆడిట్ కమిటీ మినిట్సు అడిగి చూడండి. మూడు నెలల సమావేశం 'జరిగింది' అని ఒక్క వాక్యంలో ఉండి, ఏం అడిగారో లేకపోతే అది కాగితం కోసం జరిగిన సమావేశమే. ఆడిట్ అభ్యంతరాల పట్టికలో వయసు చూడండి: ఏడాది దాటిన అభ్యంతరాలు ఎన్ని, వాటిలో 'జవాబిచ్చారు' అని మూసేసినవి ఎన్ని, నిజంగా సరిదిద్దినవి ఎన్ని. కంపెనీల చట్టం 2013 సెక్షన్ 177 కింద ఉండాల్సిన విజిల్ మెకానిజంలో (తప్పులపై ఉద్యోగులు ఫిర్యాదు చేసే ఏర్పాటులో) ఫిర్యాదు నేరుగా ఆడిట్ కమిటీ చైర్మన్‌కు చేరే దారి ఉందా అని కూడా చూడండి. ఫిర్యాదులన్నీ ఎండీ పేషీ గుండా వెళ్తుంటే ఆ దారి మూసినట్టే.

కాగ్ (కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్) ఉంది కదా అని కొందరంటారు. ప్రభుత్వ కంపెనీకి చట్టబద్ధ ఆడిటరును నియమించేది కాగ్. ఆ ఆడిటరు రిపోర్టు అందాక 60 రోజుల్లోగా అనుబంధ ఆడిట్ చేయొచ్చు, వ్యాఖ్యలు రాయొచ్చు. అప్పటికి ఏడాది దాటిపోయి ఉంటుంది, డబ్బు చేతులు మారి ఉంటుంది.

ప్రశ్న: ప్రభుత్వ సంస్థ నుంచి తీసుకున్న ఇంటి అప్పు మొత్తం కట్టేసి నాలుగు నెలలైంది. డాక్యుమెంట్లు ఇంకా ఇవ్వలేదు. 'భువనేశ్వర్‌లో ఉన్నాయి' అంటున్నారు.
– ఒక పాఠకురాలు, గుణుపురం

జవాబు: ఆర్‌బీఐ నియంత్రణలో ఉన్న సంస్థ అయితే, పూర్తిగా తీరిన 30 రోజుల్లో అసలు పత్రాలు ఇవ్వాలి. 2023 డిసెంబరు 1 నుంచి, సంస్థ వల్లే ఆలస్యమైతే రోజుకు రూ.5,000 పరిహారం. ఆఫీసులో నోటిమాట చెప్పి రావద్దమ్మా. 'నో డ్యూస్' సర్టిఫికెట్ తేదీ రాసి, పరిహారం అడుగుతూ ఉత్తరం ఇచ్చి, రసీదు ముద్ర వేయించుకోండి. అది రాష్ట్ర హౌసింగ్ బోర్డు అయితే ఆ నిబంధన వర్తించదు. అప్పుడు సమాచార హక్కు చట్టం కింద మీ పత్రాల రిజిస్టరు పేజీ కాపీ అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. పత్రాలు ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లాయో ఆ పేజీలో ఉంటుంది. ఉండకపోతే అదే ఆడిట్ అభ్యంతరం.

ప్రశ్న: ప్రధానమంత్రి ఆవాస్ యోజన ఇంటికి గోడలు లేచాయి. తర్వాతి విడత రాలేదు. బ్లాకు ఆఫీసులో 'వెబ్‌సైటులో చూపడం లేదు' అంటున్నారు.
– ఒక పాఠకుడు, రాయగడ జిల్లా

జవాబు: ప్రతి దశకూ జియోట్యాగ్ ఫోటో (తీసిన చోటు నమోదయ్యే ఫోటో) ఎక్కి, దాన్ని బ్లాకులో ఆమోదిస్తేనే తర్వాతి విడత ఆర్డరు పుడుతుంది. మూడు చోట్ల ఆగుతుంది: ఫోటోనే తీయలేదు, తీసినా ఆమోదం లేక పెండింగులో ఉంది, లేదా ఆమోదమై బ్యాంకు దగ్గర ఖాతా తప్పుతో తిరిగొచ్చింది. 'చూపడం లేదు' అన్న మాటతో తిరిగిరాకుండా, ఈ మూడిట్లో ఏదో బ్లాకు ఆఫీసులో చెప్పించుకోండి. డబ్బు తిరిగొచ్చిన ఖాతాల్లో పైన చెప్పిన ఇంటిపేరు తేడా తరచూ కారణమవుతుంది. ఇల్లు కనీసం 25 చదరపు మీటర్లు ఉండాలి, మంజూరైన 12 నెలల్లో పూర్తి కావాలి. ఉపాధి హామీ కింద 90 నుంచి 95 పనిదినాల కూలీ వేరే వస్తుంది, దాన్ని ఇంటి సాయంలో కలిపి చెప్పనివ్వద్దు. పంచాయతీలో ఏడాదికి ఒకసారైనా సోషల్ ఆడిట్ జరగాలి. ఆ రోజు మీ మంజూరు పత్రం, పాసుబుక్కు పట్టుకుని వెళ్లి మీ విడతల తేదీలు అందరి ముందు చదివించండి.