కాలమ్ మీద బరువెంతో కాగితం మీద తేలాలి

ప్రశ్న: ఈ మధ్యే ఒక డిజైన్ కన్సల్టెన్సీలో చేరాను. భవనాల లెక్కలు చేసే ఈటాబ్స్ సాఫ్ట్‌వేర్‌లో మోడల్ గీసి, ఒక్క ఎర్రర్ లేకుండా రన్ చేసి ఇచ్చినా మా సీనియర్ గారు "చెక్ చేశావా?" అని వెనక్కి పంపుతున్నారు. ఏం చెక్ చేయాలండీ?
– జూనియర్ ఇంజినీర్, బరంపురం

జవాబు: ఎర్రర్ రాలేదంటే మీరిచ్చింది సాఫ్ట్‌వేర్‌కు అర్థమైందని, అంతే. ఇచ్చింది సరైనదో కాదో దానికేం తెలుసు? డిజైన్ బటన్ జోలికి పోకముందే ఒక మధ్య కాలమ్ తీసుకుని చేత్తో లెక్క కట్టండి.

రెండు దిక్కులా కాలమ్‌ల మధ్య 4 మీటర్లుంటే దాని వాటా 16 చదరపు మీటర్లు. 125 మి.మీ. స్లాబు సొంత బరువు చ.మీ.కు 3.1 కిలోన్యూటన్లు, ఫ్లోరింగుకు 1 నుంచి 1.5, ఇంటి గదులకు లైవ్ లోడు (మనుషులూ సామాన్లూ) 2. అసలు బరువు గోడలది. 230 మి.మీ. ఇటుక గోడ 2.6 మీ. ఎత్తున లేస్తే ప్లాస్టరు కాకుండానే మీటరు పొడవుకు 12 కిలోన్యూటన్లు. బీములూ కాలమ్‌లూ కలుపుకుని మామూలు ఇళ్లకు అంతస్తుకు చ.మీ.కు 12 చొప్పున వేసుకోవచ్చు. నాలుగు స్లాబులకు 16×12×4 = 768 కిలోన్యూటన్లు.

మోడల్‌లో ఆ కాలమ్ కింద రియాక్షన్ (ఆ బరువును మోసే ఎదురు బలం) 700కూ 850కూ మధ్య ఉంటే ముందుకెళ్లండి. 500 దగ్గరే ఆగితే గోడల లోడు మరిచినట్టే, లేదా కొన్ని బీములకే ఇచ్చినట్టు. 1000 దాటితే స్లాబును అనుమానించండి. షెల్‌గా (పలకలా) గీసిన స్లాబు సెల్ఫ్ వెయిట్‌ను సాఫ్ట్‌వేరే తీసుకుంటుంది. మీరు ఆ 3.1ని డెడ్ లోడులో (కదలని బరువుల్లో) మళ్లీ చేర్చి ఉంటారు. కొత్తగా చేరినవాళ్ల ఫైళ్లలో తరచూ దొరికేది ఇదే.

తర్వాత డిఫ్లెక్టెడ్ షేప్ (లోడుకు వంగిన ఆకారం) కదిలించి చూడండి. ఏదైనా బీము చివర ఒంటరిగా ఊగుతుంటే అది కాలమ్ నోడుకు (కలవాల్సిన బిందువుకు) తగల్లేదన్నమాట. భూకంపం లెక్కకు భారతీయ ప్రమాణం ఐఎస్ 1893 (2016) చెప్పినట్టు బీములకు 0.35, కాలమ్‌లకు 0.70 మాడిఫయర్లు (బిగువును తగ్గించే గుణకాలు) ఇచ్చారా? ఇవ్వకపోతే భవనం లేని బిగువు చూపిస్తుంది, డ్రిఫ్టు (అంతస్తు పక్కకు జరిగే దూరం) తక్కువొస్తుంది, మీరు పరిమితి లోపలే ఉన్నామనుకుంటారు. ఆ పరిమితి అంతస్తు ఎత్తులో 0.004 వంతు. ఈ లెక్కలన్నీ ఒక కాగితం మీద రాసి మోడల్‌తో పాటు ఇవ్వండి. ఈసారి ఫైలు వెనక్కొస్తే కారణం వేరే ఉంటుంది.

ప్రశ్న: తీరంలో తుపాను షెల్టర్లకు గాలి లెక్కలోని కె4 గుణకం విలువ 1.30 తీసుకోమంటున్నారు. అంటే గాలి లోడు 30 శాతం పెరుగుతుందనేగా?
– సివిల్ విద్యార్థి, ఛత్రపూర్

జవాబు: కాదు, 69 శాతం. కె4 గుణించేది గాలి వేగాన్ని. ఒత్తిడేమో వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది. మీ తీరానికి బేసిక్ వేగం సెకనుకు 50 మీటర్లు. మిగతా గుణకాలు 1 అనుకుంటే 0.6×50×50 = చ.మీ.కు 1500 న్యూటన్లు. వేగం 65 అయితే 2535. ఐఎస్ 875 మూడో భాగం 2015 సవరణలో వచ్చిన గుణకమిది: మామూలు ఇళ్లకు 1.0, పరిశ్రమల కట్టడాలకు 1.15, తుపాను తర్వాత కూడా పనిచేయాల్సిన ఆసుపత్రులూ షెల్టర్లకు 1.30. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటిందని మీకు గుర్తు చేయక్కర్లేదు.

ప్రశ్న: సముద్రానికి దగ్గర ఇల్లు. డ్రాయింగులో స్లాబు కవరు (రాడ్డును కప్పే కాంక్రీటు మందం) 45 మి.మీ. అని ఉంది. మేస్త్రీ 20 చాలంటాడు. సెంట్రింగ్ అయిపోయింది, కవరు మాత్రం పెంచేయమంటారా?
– ఇంటి యజమాని, గోపాల్‌పూర్

జవాబు: ఆగండి. ఉప్పు గాలి నేరుగా తగిలే చోటును ఐఎస్ 456 సివియర్ తరగతిలో పెట్టింది: కవరు 45, కాంక్రీటు కనీసం ఎం30, నీళ్లు–సిమెంటు నిష్పత్తి 0.45 మించకూడదు. డ్రాయింగు సరైనదే. ముందు అందులో స్లాబు మందం ఎంతుందో చూడండి. 125 మి.మీ. స్లాబుకు 20 కవరైతే, 10 మి.మీ. రాడ్డు మధ్య నుంచి పైకి 100 దొరుకుతుంది. 45 అయితే 75. అంటే బలంలో పావు వంతు పోయినట్టు, స్లాబు వంగడమైతే అంతకంటే ఎక్కువగా పెరుగుతుంది. డ్రాయింగులో 150 ఉండి మేస్త్రీ 125కే సైడ్ పలకలు కొట్టి ఉంటే వాటిని మార్పించండి. అక్కడా 125యే ఉంటే డిజైన్ చేసినవాళ్లకు ఫోన్ చేసి అడగండి, అప్పటిదాకా కాంక్రీటు వద్దు. కవరు బ్లాకులకు బదులు కంకర రాళ్లు దూర్చనివ్వకండి. వైబ్రేటర్ తగలగానే జారిపోతాయి, రాడ్డు సెంట్రింగు మీద కూర్చుంటుంది.

ప్రశ్న: కొండవాలులో స్థలం. పక్క ప్లాటు సాయిల్ రిపోర్టు వాడుకోవచ్చా?
– రాయగడ

జవాబు: వద్దు. వాలు చదును చేసిన స్థలంలో సగం తవ్విన నేల, సగం పోసిన మట్టి. మీ స్థలంలో ఏది ఎక్కడుందో పక్క ప్లాటు రిపోర్టు చెప్పదు. పోసిన వైపు ఫుటింగు (కాలమ్ కింది పునాది) కుంగి, గోడలు ఏటవాలుగా పగులుతాయి. ముందు రెండు వైపులా గుంతలు తీయించి అసలు నేల ఎంత లోతులో ఉందో చూడండి. ఫుటింగులన్నీ అక్కడిదాకా దించాల్సిందే, ఒకవైపు 1.5 మీటర్లు, ఇంకోవైపు 3 వచ్చినా సరే.