బ్లైండ్ బాయ్స్ ఆఫ్ అలబామా: ఏ ఆల్బమ్‌తో మొదలుపెట్టాలి?

ఈ అమెరికన్ గోస్పెల్ (నల్లజాతి చర్చిల భక్తి సంగీతం) బృందం పాటల్లో పాతవి ముందు వినాలా, కొత్తవా అని అడిగారు. నా ఓటు 2001 నాటి ‘స్పిరిట్ ఆఫ్ ది సెంచరీ’కే. అందులో ‘అమేజింగ్ గ్రేస్’ భక్తిగీతం మాటలు అవే, బాణీ మాత్రం చెడిపోయిన బతుకు గురించిన జానపద పాట ‘హౌస్ ఆఫ్ ది రైజింగ్ సన్’ది! చర్చిలో ఆ భక్తిగీతం వింటూ పెరిగినవాళ్లు మొదటి లైనుకే ఉలిక్కిపడతారు. ఆ ఆల్బమ్‌కి గ్రామీ అవార్డు కూడా వచ్చింది.

అది నచ్చితే వెనక్కి వెళ్లండి. అలబామాలోని టాలడెగాలో, నల్లజాతి అంధ పిల్లల బడిలో 1939లో మొదలైన బృందం ఇది. 1950ల్లో స్పెషాల్టీ కంపెనీకి ఇచ్చిన రికార్డుల్లో వాయిద్యాలు తక్కువ, భారమంతా గొంతులదే. ప్రధాన గాయకుడు క్లారెన్స్ ఫౌంటెన్ నెమ్మదిగా ఎత్తుకుని కేకదాకా వెళ్తుంటే, వెనకవాళ్లు ఒకే మాట పట్టుకుని మళ్లీ మళ్లీ అంటూ ఆయన్ని ఇంకా పైకి తోస్తారు. తర్వాతి సోల్ (నల్లజాతి పాప్ సంగీతం) గాయకులు గోస్పెల్ నుంచి తీసుకున్నది ముఖ్యంగా ఈ పద్ధతే. సౌండ్ కాస్త గరగరగా ఉంటుంది, సర్దుకోవాలి.

మనుషులు మారుతూ వచ్చినా బృందం ఆగలేదు. 2023లో వచ్చిన ‘ఎకోస్ ఆఫ్ ది సౌత్’కీ గ్రామీ దక్కింది. దాన్ని ఆఖర్న వినండి.