జీతం అడిగే ముందు పని లెక్క రాసుకో

చిరంజీవి అమ్మాయికి,

అత్తయ్య ఆశీస్సులు. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. "మనం చేసే పనికి ఇచ్చే జీతం న్యాయమేనా, లేక నాకే ఆశ ఎక్కువైందా అత్తయ్యా?" అని అడిగావు. రెండోదానికి ముందు చెప్తాను. చేసిన పనికి తగ్గ డబ్బు అడగడం ఆశ కాదు, ఆ అనుమానం మనసులోంచి తీసెయ్. ఇక మొదటిదానికి జవాబు, నాకు తెలిసినంతలో చాలామంది టీచర్ల విషయంలో "న్యాయం కాదు" అనే. కానీ అత్తయ్య చెప్పింది కదా అని వెళ్లి అడిగితే యాజమాన్యం వింటుందా? నీ సంగతి నువ్వే లెక్కగట్టి తేల్చుకోవాలి. అదెలాగో రాస్తాను, ఓపిగ్గా చదువు.

టీచర్ జీతం మాట వస్తే అందరూ ముందు పీరియడ్లే లెక్కపెడతారు. రోజుకు అయిదో ఆరో పీరియడ్లు, సాయంత్రానికి ఇల్లు, పైగా సెలవులు, ఇంకేం కావాలి అంటారు. బయటివాళ్లకు కనిపించేది అంతే. 2013లో ఓఈసీడీ అనే అంతర్జాతీయ ఆర్థిక సహకార సంస్థ ముప్పైకి పైగా దేశాల్లో హైస్కూలు కింది తరగతులకు చెప్పే టీచర్లను వారంలో ఎన్ని గంటలు పనిచేస్తున్నారని అడిగింది. సగటున 38 గంటలని తేలింది. అందులో క్లాసులో పాఠం చెప్పేది 19 గంటలు, అంటే సగమే. పాఠం తయారీకి 7 గంటలు, దిద్దడానికి 5 గంటలు, మిగిలింది మీటింగులకీ రికార్డులకీ తల్లిదండ్రులతో మాటలకీ పోతోంది. జీతం గురించి గొడవంతా ఈ కనిపించని సగం దగ్గరే. ఆ సగాన్ని కొందరు "సేవ" అంటారు, కొందరు "ఎలాగూ చేయాల్సిందే కదా" అంటారు. డబ్బుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఎవరికీ గుర్తుండదు.

నోట్సులు దిద్దడం సంగతే తీసుకో. నువ్వు నాలుగైదు సెక్షన్లకు లెక్కలు చెప్తున్నావు. సెక్షన్‌కు నలభై మంది చొప్పున అయిదు సెక్షన్లంటే రెండు వందల నోట్సులు. ఒక్కోదానికి మూడు నిమిషాలు వేసుకున్నా పది గంటలు. వారానికి ఒక్కసారి దిద్దితేనే ఇంత. సరే, మూడు నిమిషాలు ఎందుకు, టిక్కు పెట్టి పక్కన పడేయొచ్చు కదా అంటారు. ఒక పిల్లాడు 52లోంచి 38 తీసేసి 26 అని రాశాడనుకో. తప్పు, ఎర్ర పెన్నుతో ఇంటూ కొడితే అయిదు సెకన్లలో అయిపోతుంది. కానీ ఆగి చూస్తే వాడు ఏం చేశాడో తెలుస్తుంది. 2లోంచి 8 పోదని, తిప్పి 8లోంచి 2 తీసేశాడు, 6 వచ్చింది. 5లోంచి 3 తీశాడు, 2 వచ్చింది. అంటే వాడికి తీసివేత వచ్చు, అప్పు తీసుకోవడం ఒక్కటే రాలేదు. అది పట్టుకుని పక్కన రెండు ముక్కలు రాయాలి, మర్నాడు వాడిని పిలిచి పుల్లలు ముందు పెట్టి చూపించాలి. టీచర్ పని అంటే నా ఉద్దేశంలో ఇదీ. దీనికి టైమ్ ఇవ్వకపోతే, డబ్బూ ఇవ్వకపోతే, మిగిలేది ఇంటూ మార్కే. ఆ పిల్లాడు పై తరగతికి వెళ్లినా 26 అనే రాస్తాడు. అందుకే జీతం మాట పిల్లల చదువుకు సంబంధం లేని విషయం అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

కాబట్టి మొదట చేయాల్సింది, ఒక నాలుగు వారాలపాటు పని లెక్క రాయడం. చిన్న పుస్తకం చాలు. ఏ పని, ఎన్నింటికి మొదలైంది, ఎన్నింటికి అయింది, బళ్లోనా ఇంట్లోనా. లీజర్ పీరియడ్‌లో సెలవు పెట్టిన టీచర్ క్లాసుకు పంపితే అదీ రాయి. రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేసి పిల్లల సంగతి అడిగే తల్లిదండ్రులతో మాట్లాడిన ఇరవై నిమిషాలు కూడా రాయి. "చాలా అలిసిపోయాను", "అన్యాయం" లాంటివి మాత్రం ఆ పుస్తకంలో రాయకు. రేపు దాన్ని ఎవరికైనా చూపించాల్సి వస్తే అంకెలే మాట్లాడాలి. పరీక్షల నెల ఒక్కటే ఎంచుకోకు, మామూలు నెల రాయి. అప్పుడే దానికి విలువ.

తర్వాత జీతం వైపు లెక్క. నెల జీతం చూసి పోల్చకు, ఏడాది మొత్తం చూడు. కొన్నిచోట్ల పది నెలల జీతాన్నే పన్నెండు నెలలకు సర్ది ఇస్తారు, కొన్నిచోట్ల సెలవుల్లో అసలు ఇవ్వరు. అలాంటిచోట "మీకు సెలవుల్లో ఊరికే జీతం" అనే మాటే తప్పు. ఎవరితో పోల్చాలి అన్నది ఇంకో ప్రశ్న. పక్క బడి టీచర్‌తో కాదు, ఆవిడకూ తక్కువే ఇస్తూ ఉండొచ్చు. నీ అంత చదువు చదివి వేరే ఉద్యోగాల్లో ఉన్నవాళ్లతో పోల్చు. ఇది నా సొంత తెలివి కాదమ్మా. 1966 అక్టోబరు 5న ఐక్యరాజ్యసమితి విద్యా సంస్థ యునెస్కో, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి టీచర్ల హోదా మీద ఒక సిఫార్సు పత్రం తెచ్చాయి. 1994 నుంచి ఆ తేదీనే ప్రపంచ ఉపాధ్యాయ దినోత్సవంగా జరుపుతున్నారు. దండలూ ఉపన్యాసాలూ అందరికీ గుర్తుంటాయి కానీ ఆ పత్రంలో జీతాల గురించి ఒక అధ్యాయమే ఉందని మన టీచర్లలోనే చాలామందికి తెలియదు. అంతే అర్హత కావాల్సిన ఇతర ఉద్యోగాల జీతాలకు టీచర్ జీతం తీసిపోకూడదని అందులో రాశారు. కుటుంబంతో సహా మర్యాదగా బతకడానికీ, తన చదువును ఇంకా పెంచుకోవడానికీ సరిపోవాలన్నారు. అర్హత ఉన్న టీచర్‌ను ప్రొబేషన్ పేరుతోనో తాత్కాలికం పేరుతోనో తక్కువ స్కేలులో పెట్టకూడదన్నారు. స్కేలు అడుగు నుంచి పై మెట్టు చేరడానికి పది పదిహేనేళ్లకు మించి పట్టకూడదన్నారు. ఇది చట్టం కాదు, ఎవరినీ కోర్టుకు లాగలేం. అయినా "ఎక్కడ రాసుంది?" అని అడిగినవాళ్లకు చూపించడానికి ఇంతకన్నా మంచి కాగితం లేదు. సంపాదించి చదువు.

"అన్నీ కలిపే ఇస్తున్నాం" అనే మాట దగ్గర జాగ్రత్త. దీనికి జపాన్ సంగతి చెప్పాలి. అక్కడ ప్రభుత్వ బళ్ల టీచర్లకు 1971లో ఒక చట్టం చేశారు. ఓవర్‌టైమ్ లెక్క కట్టరు, దాని బదులు మూల జీతం మీద 4 శాతం కలిపి ఇవ్వాలన్నారు. ఆ 4 శాతానికి ఆధారం 1966లో చేసిన ఒక సర్వే. అప్పట్లో టీచర్ల అదనపు పని నెలకు సుమారు 8 గంటలని అందులో తేలింది. ఆ తర్వాత పని పెరిగింది, 4 శాతం మాత్రం అయిదు దశాబ్దాలు దాటినా కదల్లేదు. ఇందాక చెప్పిన 2013 సర్వేలో జపాన్ టీచర్ల పని వారానికి 54 గంటల దాకా తేలింది, పాఠం చెప్పేది అందులో 18 గంటలే. చివరికి 2025లో చట్టం మార్చి, ఏడాదికి కొంత చొప్పున 10 శాతానికి పెంచాలని నిర్ణయించారు. అందుకే నీకూ ఎవరైనా "అన్నిటికీ కలిపి ఇంత" అంటే మర్యాదగానే అడుగు: ఇది ఎన్ని గంటల పనికి లెక్క కట్టారు? మళ్లీ ఎప్పుడు సవరిస్తారు? ఈ రెండిటికీ జవాబు లేకపోతే అది జీతం లెక్కే కాదు.

మార్కులను బట్టి జీతం అనే మాట కూడా వస్తుంది. వినడానికి బాగానే ఉంటుంది, ఒప్పుకోవద్దని చెప్తాను. ఇంగ్లండులో 1862 నుంచి దాదాపు 1890ల దాకా అలాంటి పద్ధతే నడిచింది. ఇన్‌స్పెక్టరు వచ్చి పిల్లలకు చదవడం, రాయడం, లెక్కలు పరీక్షించేవాడు, తప్పినవాళ్లను బట్టి బడికి ప్రభుత్వం ఇచ్చే గ్రాంటు తగ్గేది. టీచర్లు ఇన్‌స్పెక్టరు అడిగేవే బట్టీ పట్టించారు, మిగతా చదువు వెనక్కి పోయింది. చివరికి ప్రభుత్వమే ఆ పద్ధతిని వదిలేసింది. పైగా మన 26 పిల్లాడి లాంటివాళ్లు అలాంటి బడికి భారంగా కనిపిస్తారు. అది నాకు అన్నిటికన్నా బాధ.

కొంచెం చదువుకున్న యాజమాన్యమైతే ఇండోనేషియా గురించి ఎత్తుతారు. అక్కడ సర్టిఫికేషన్, అంటే అర్హత ధ్రువీకరణ, పొందిన టీచర్ల మూల జీతం రెట్టింపు చేశారు. పరిశోధకులు చూస్తే రెండు మూడేళ్ల తర్వాత కూడా పిల్లల మార్కులు పెరగలేదు. ఇది నిజమే, కాదనకు. అదే పరిశోధనలో ఇంకొకటి కూడా తేలింది: ఆ టీచర్లకు డబ్బు టెన్షన్ తగ్గింది, బతుకుతెరువుకు రెండో ఉద్యోగం చేసేవాళ్లు తగ్గారు. జీతం పెరిగినంత మాత్రాన పాఠం చెప్పే తీరు మారదు, దానికి శిక్షణ కావాలి, టైమ్ కావాలి. కానీ మనం అడుగుతున్నది బహుమతి కాదు కదా. చేసిన పనికి కూలి. అది ఇవ్వడానికి మార్కులు పెరగాలనే షరతు ఇంకే ఉద్యోగంలో పెడుతున్నారు?

ఇప్పుడు అడిగే పద్ధతి. ఒక్కదానివే వెళ్లకు. నీలాంటి లెక్కే రాసిన ఇద్దరు ముగ్గురు టీచర్లను కలుపుకుని వెళ్లు. ఒక్కరు అడిగితే అది ఆవిడ సొంత గొడవ అవుతుంది, నలుగురు అడిగితే బడి సమస్య అవుతుంది. మీకు సంఘం ఉంటే దాని ద్వారానే కదలండి. కొత్త విద్యా సంవత్సరం టైంటేబుల్, బడ్జెట్ వేయకముందే వెళ్లాలి, వేశాక వెళ్తే "వచ్చే ఏడాది చూద్దాం" అనేస్తారు.

వెళ్లాక ఇంటి కష్టాలు చెప్పొద్దు. ఇల్లు గడవడం లేదనో, అప్పులున్నాయనో మొదలుపెడితే అవతలివాళ్లు జాలిపడతారు, జాలిపడి ఏదో కొంచెం చేతిలో పెడతారు, దానికి జన్మంతా రుణపడి ఉండాలంటారు. పని గురించే మాట్లాడు. ఆడవాళ్లను ఇంకో మాట అంటారు, "మీ ఆయన సంపాదిస్తున్నాడుగా" అని. నీకు కోపం వస్తుంది, రావాలి కూడా. గొంతు మాత్రం పెంచకుండా ఒకటి చెప్పు: జీతం పనికి ఇచ్చేది, ఇంట్లో ఇంకెవరు సంపాదిస్తున్నారో చూసి ఇచ్చేది కాదు. సమాన విలువ ఉన్న పనికి ఆడా మగా తేడా లేకుండా సమాన వేతనం ఇవ్వాలని 1951లోనే అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒడంబడిక చేసింది. చిన్న తరగతుల్లో ఆడవాళ్లే ఎక్కువ, చాలా దేశాల్లో పై తరగతుల టీచర్ల కన్నా వాళ్ల జీతాలే తక్కువ. అక్షరం దిద్దించే పని చిన్నదని ఎవరు తేల్చారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

డబ్బు నిజంగానే లేదని లెక్కలు చూపిస్తే, టైమ్ అడుగు. వారానికి రెండు పీరియడ్లు తగ్గించమను. నోట్సులు ఒక సెక్షన్‌వి ఒక వారం, ఇంకో సెక్షన్‌వి మరో వారం దిద్దేలా వెసులుబాటు అడుగు. అటెండెన్స్, ఫీజుల వివరాలు కంప్యూటర్లో ఎక్కించే పని ఆఫీసుకు అప్పజెప్పమను. వారంలో మూడు గంటలు తగ్గినా గంటకు పడే జీతం పెరిగినట్టే. డబ్బు కాదన్నవాళ్లు ఈ దారికి ఒప్పుకోవడం నేను చూశాను. ఏం ఒప్పుకున్నా కాగితం మీద తీసుకో. నోటిమాటగా అంటే ఆ రోజు సాయంత్రమే "మీరు చెప్పినట్టు" అంటూ చిన్న ఉత్తరం రాసి ఇవ్వు, ఒక కాపీ దగ్గర పెట్టుకో. మానేస్తానని బెదిరించకు, నిజంగా మానేసే ఉద్దేశం ఉంటే తప్ప.

ఇవన్నీ నడుస్తున్నన్ని రోజులూ క్లాసులో పాఠం ఎప్పటిలాగే చెప్పు. జీతం తక్కువని సగం పాఠం చెప్పేవాళ్లను చూశాను, వాళ్ల మీద నాకు గౌరవం లేదు. పిల్లలకు మన జీతం సంగతి తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. తగ్గించుకోవాలంటే యాజమాన్యం ఊరికే చేయించుకుంటున్న పనుల్లో తగ్గించుకో, అదీ ముందుగా చెప్పి.

ఈ ఆదివారం నీ నియామక పత్రం బయటికి తీసి మొత్తం చదువు. జీతం, పని గంటలు, ఇంక్రిమెంట్, నోటీసు గడువు ఎక్కడున్నాయో గీత గీసి పెట్టుకో. "యాజమాన్యం అప్పగించే ఇతర పనులు" అనే వాక్యం ఉంటే ఫోటో తీసి నాకు పంపు. దాన్ని ఎలా అడగాలో ఫోన్లో వివరంగా మాట్లాడుకుందాం.

మీ అత్తయ్య